అతుకుపని ఇంగ్లీషు నాది

నా పేరు కరుణమ్మ. వయసు డెబ్బై ఆరు. నరసాపురం దగ్గర పల్లె మాది. ఇంట్లో నేను, కోడలు, డిగ్రీ చదివే మనవరాలు స్ఫూర్తి... ముగ్గురం. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే స్ఫూర్తి, నలుగురూ చదివేలా పెట్టడానికి, ఫోనులో కొడుతోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం గంజి తాగి అరుగెక్కితే పొద్దువాలేదాకా ఆడవాళ్ళందరి చేతుల్లోనూ కొక్కెం సూది, తెల్లదారం ఉండ. లేసు అల్లేవాళ్ళం. చిన్నపిల్లలు గొలుసు, చెయ్యి తిరిగినవాళ్ళు పువ్వులు. ఆ పువ్వులన్నీ కలిపి ఒక్క దుప్పటిగా చెయ్యడం మాత్రం అందరివల్లా అయ్యేది కాదు... దాన్ని అతుకుపని అనేవాళ్ళం. మా అమ్మ అందులో ఘటికురాలు. పదమూడేళ్ళకే నాకూ పట్టుబడిపోయింది.

మా తమ్ముడు దేవదానం అప్పుడు ఆరో తరగతి. ఇంగ్లీషు డిక్టేషన్ పెట్టిన ప్రతిసారీ తప్పేవాడు. మేష్టారు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. ఓ ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూనే మా నాన్న తేల్చేశాడు... "ఈ ఏడు ఇంగ్లీషు పరీక్ష పోయిందంటే బడి మానేసి గేదెల వెనకాల పోతాడు."

వాడు ఏడుస్తూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"మాటకి తోక తగిలిస్తే స్పెల్లింగు మారిపోతుందక్కా. ఒక్కోదానికి ఒక్కోలా."

"ఎలా మారుద్దో చెప్పు."

"మేక్‌కి ఇంగ్ కలిపితే చివరి ఇ పోద్దంట. రన్‌కి కలిపితే ఎన్ రెండవుద్దంట. హ్యాపీకి నెస్ కలిపితే వై పోయి ఐ వస్తదంట. ప్లేకి ఈడీ కలిపితే మాత్రం, వై ముందు ఏ ఉందని ఏమీ మారదంట."

బొగ్గుముక్కతో నేల మీద ఆ అక్షరాలన్నీ గీసి చూపించాడు. నాకు నవ్వాగలేదు... చేతిలో పువ్వు వాడి ఒళ్ళో పడేశాను.

"ఒరే, ఇది అతుకుపనేరా. పువ్వు కొసన పనిలేని కుట్టుంటే ఏం చేస్తాం? విప్పేసి అతుకుతాం. అదే మీ ఇ... ఉంటాది గానీ నోరు మెదపదు. పొట్టి పువ్వయితే అంచు లాగేస్తాది, అందుకని చివరి కుట్టు రెండోసారి వేసి అతుకుతాం. అది నీ రన్. కొస వంకర తిరిగుంటే తిన్నగా చేసి కలుపుతాం. అది నీ వై. దాని పక్కన గట్టి కుట్టు తోడుంటే ఇక ముట్టుకోం... అది నీ ప్లే."

వాడి ఏడుపు ఆగిపోయింది. నా చేతిలో సూది లాక్కుని వాడే అతకడం మొదలెట్టాడు.

మర్నాడు మళ్ళీ మోకాళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. సీయింగ్ రాస్తూ ఒక ఇ తీసేశాడట.

"చివర ఎన్నున్నాయిరా?"

"రెండు."

"జంటకుట్టు ఎవడైనా విప్పుతాడా? మొత్తం ఊడిపోదూ?"

నెత్తిన ఒక్కటిచ్చాను. ఆ తప్పు జన్మలో మళ్ళీ చెయ్యలేదు వాడు.

పరీక్ష వచ్చింది. నేను అరుగు మీద కూర్చున్నానన్నమాటే గానీ ఒక్క పువ్వూ సరిగ్గా పడలేదు... ఆ పరీక్ష రాస్తున్నది నేనే అన్నంత ఆత్రం. అక్కడేమో వీడు ప్రతి మాటకీ బల్ల కింద వేళ్ళు ఆడిస్తున్నాడు. మేష్టారు వచ్చి చెయ్యి పట్టేసుకున్నారు.

"చీటీ ఏదిరా?"

"చీటీ లేదండి. అతుకుతున్నానండి."

మగపిల్లాడు లేసు అల్లుతున్నాడని తరగతి తరగతంతా నవ్వింది. మేష్టారు అదేంటో వాడితో చెప్పించుకుని, ఎవరు నేర్పారని అడిగారు. ఆ నవ్వులకి సిగ్గుపడి వీడు... "నేనే కనిపెట్టానండి" అన్నాడు.

పాసయ్యాడు. మా నాన్న మళ్ళీ గేదెల ఊసెత్తలేదు. మేష్టారు దానికి అల్లిక పద్ధతి అని పేరు పెట్టి బడంతటికీ చెప్పారు. తమ్ముడు నా దగ్గర ఏదీ దాచలేదు, జరిగిందంతా చెప్పాడు. వాడి చదువు నిలబడింది కదాని నేనూ నోరు మూసుకున్నాను.

వాడు ఇంగ్లీషు మేష్టారై, హెడ్మాస్టరుగా రిటైరై, ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాడు. ఊరూరా పిల్లలకి అలాగే చెప్పాడు. మొన్న వాళ్ళ పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో అడిగారట, "ఆ అల్లిక పద్ధతి మీ సొంతమా సార్" అని. ఆ గ్రూపులోవాళ్ళు ఎవరో పంపితే స్ఫూర్తి వాడి జవాబు చదివి వినిపించింది... "అంతా మా గురువుగారి దీవెన."

దీవెనా... సూది ఎవరిది, దారం ఎవరిది, నెత్తిన పడ్డ మొట్టికాయ ఎవరిది?

ఫోను చేసి, రేపు మొదటి బస్సెక్కమన్నాను. ఎక్కాడు. ఇక్కడిదాకా నేను చెప్పిందంతా స్ఫూర్తి వాడి ముందు చదివింది. వాడు తలెత్తలేదు.

"అందరూ నవ్వారని భయపడ్డానక్కా."

"అప్పుడు నీకు పదకొండేళ్ళు, సరే. ఇప్పుడు డెబ్బై నాలుగు. ఇంకా ఎవడు నవ్వుతాడని?"

ఫోను తీసి గ్రూపులో తనే రాశాడు. రాసి పైకి చదివాడు... "ఆ పద్ధతి మా అక్క కరుణమ్మది. ఆమెకు చదువు రాదు."

"ఆ రెండో ముక్క తీసెయ్."

"మరేం రాయమంటావు?"

"అతుకుపని వచ్చు అని రాయి."

అలాగే రాశాడు... నా ఎదురుగా కూర్చుని రాశాడు.

ఇప్పుడు మాట సగం కొడితే మిగతా సగం ఫోనే అతికేస్తోంది. మా వీధిలో ఆడపిల్లల చేతుల్లో కొక్కెం సూదీ లేదు, అరుగుల మీద మనుషులూ లేరు... మీకు ఒక్క ముక్క నేర్పి, పేరు లేకుండా ఉండిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పేరు ఇక్కడ రాయండి. వాళ్ళు చెవులారా వినగలిగే రోజుల్లోనే రాయండి.

ఇది నేను చెప్పి రాయించింది.
కరుణమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
దేవదానం, తమ్ముడు.
స్ఫూర్తి, మనవరాలు, రాసినది.