దొంగ నోట మా మాట

పూడిపోయిన నగరాన్ని వెతికే పండితుడికి పుస్తకాల భాష పెట్టారు. ఆయనకు దారి చూపించి చివరికి ఆయన్నే అమ్మేసే దొంగకు మా జనగామ భాష పెట్టారు. ఆ పాత ఇంగ్లీషు సినిమాను తెలుగులోకి డబ్బింగ్ చేసినవాళ్లు చేసిన పని ఇది. అది తప్పు. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

2010 వేసవిలో నేను జనగామలోని ఒక టాకీసులో హెడ్ ఆపరేటర్‌ని. నా బడి చదువు చిన్నప్పుడే ఆగింది. మిగతాది వాల్‌పోస్టర్లూ, దొరికిన పుస్తకాలూ నేర్పాయి. రాష్ట్రం కోసం ఉద్యమం జోరు మీదుంది. బంద్ లేని రోజు చూసుకొని ఆట వేసేవాళ్లం. కొత్త సినిమాలు మా వైపు రావడానికి జంకుతున్నాయని ఓనరు ఈ పాత బొమ్మను మళ్లీ తెప్పించాడు. అది ఎప్పుడు వేసినా హాలు నిండేది.

ఫైటింగుల కోసం వస్తారని చదువుకున్నవాళ్లు అనేవారు. ఉత్త మాట. మా వైపు ఏ ఊరికి పోయినా ఒక కూలిన కోట గోడో, రాకాసి గుళ్లనే రాతి సమాధులో, వాటి కింద లంకెబిందెలున్నాయనే ముచ్చటో ఉంటుంది. ఎడారిలో ఇసుక జారి రాతి తలుపు కదులుతుంటే, భూపాలపల్లి నుంచి వచ్చినవాడు తన ఊరి గుట్టే తెరుచుకుంటున్నట్టు కుర్చీలో ముందుకు వంగేవాడు. పాలకుర్తి నుంచి ఆటోల్లో, మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చి చూసేవారు. మాటలన్నీ నోటికి వచ్చినవాళ్లుండేవారు. దొంగ మాటలకు ఏళ్ల తరబడి మావాళ్లే నవ్వారు. అదీ నిజమే, దాచను.

ఆ వేసవిలో నవ్వలేదు. మ్యాట్నీలో దొంగ మొదటిసారి కనిపించి "నీ బాంచెన్ దొరా, నాకేం ఎర్క" అనగానే నేల క్లాసు నుంచి ఒక చెప్పు వచ్చి తెరకు తగిలింది. ఇంటర్వెల్‌లో యాకయ్య క్యాబిన్ మెట్లెక్కి వచ్చాడు. డిగ్రీ కాలేజీ విద్యార్థుల నాయకుడు. వెనక మరికొందరు, ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా.

"కాకా, నువ్వు మనోనివని చెప్తున్న. ఇంకొక్కపారి వాని నోట్లెకెళ్లి మన మాట ఇనవడ్తె పర్దకు అంటువెడ్తం."

తెర వెనక పాత చెక్క చట్రం ఉంది. ముందు నిండిన హాలు, పిల్లాపాపలతో. పోనీ ఆట ఆపుదామంటే, అంత దూరం నుంచి వచ్చినవాళ్లు కుర్చీలు విరుస్తారు, తలుపుల దగ్గర తొక్కిసలాట అవుతుంది. ఓనరు ఆఫీసు గది గడియ పెట్టుకొని, నన్నే చూసుకోమని కబురు పంపాడు. ప్రింటు వెంట డిస్ట్రిబ్యూటర్ ఒక మనిషిని పంపుతాడు, అతన్ని రెప్ అంటారు. ఆ రెప్ నా పక్కనే ఉన్నాడు.

"ఒక్క ఫ్రేము పోయినా ఒప్పుకోనండీ. ప్రింటు మాది" అన్నాడు.

"ప్రింటు మీదే సారూ. కాలే పర్ద మాది" అన్నాను.

హాల్లో శబ్దాన్ని పెంచి తగ్గించే మీటను ఫేడర్ అంటాం. ఆట మొదట్లో ఒకసారి పెట్టాక దాన్ని ముట్టకూడదనేది ఆపరేటర్‌కు మొదటి పాఠం. నేను ఫిలిం కోయను, ఆట ఆపను. దొంగ నోరు తెరిచే ముందు ఫేడర్ దించుతాను, మూయగానే ఎత్తుతాను. యాకయ్యను కదలొద్దన్నాను. "ఈడనే నిలవడు బిడ్డా. వాని మాట ఒక్కటి ఇనవడ్తె నువ్వనుకున్నది చెయ్."

బొమ్మ మళ్లీ మొదలైంది. దించాను, ఎత్తాను. మళ్లీ దించాను. "సౌండ్! ఓ ఆపరేటరూ, పండుకున్నవా?" అని కింద అరుపులు. రెప్ నా మణికట్టు పట్టుకున్నాడు. "చెయ్యి తియ్యన్నా, జర" అని యాకయ్య మెల్లగానే అన్నాడు. రెప్ వదిలేశాడు.

అసలు గండం తలుపు దృశ్యం. అక్కడ పండితుడూ దొంగా మాటకు మాట అనుకుంటారు. మధ్యలో వేలు కదిలించే సందు ఉండదు. ఫేడర్ పూర్తిగా దించేశాను. తెర మీద ఇసుక జారుతోంది, రాయి కదులుతోంది, పెదవులు ఆడుతున్నాయి. హాల్లో ప్రొజెక్టర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. కిరసనాయిలు డబ్బా మూత తీసిన వాసన నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక అవ్వ గొంతు లేచింది. "ఓ సదువుకున్నోడా! మా గుట్ట మీదికొచ్చి, మా తలుపు తీసి, సొమ్ము సంకన వెట్టుకొని, నన్ను దొంగంటవేందిరా?"

హాలు ఈలలతో అదిరింది. నేల నుంచి ఎవడో పండితుడి తరఫున అందుకున్నాడు: "గీ తలుపు నీదని కాయితమున్నదా?"

"మా తాతను గీడనే బొందవెట్టిన్రు. గదే కాయితం!" అంది అవ్వ.

చివరి రీలు దాకా వాళ్లే మాట్లాడారు. నేను ఫేడర్ ఎత్తలేదు. యాకయ్య కడుపు పట్టుకొని నవ్వుతున్నాడు. డబ్బా తెచ్చినవాడు దానికి మూత బిగించి, క్యాబిన్ కిటికీకి కళ్లప్పగించి నిలబడ్డాడు. తెర కాలలేదు.

మర్నాడే ప్రింటు వెనక్కి పోయింది. నేను క్యాబిన్‌లో ఉన్నంతకాలం ఇంకో ప్రింటు పంపేది లేదని డిస్ట్రిబ్యూటర్ కబురు పెట్టాడు. ఓనరు నన్ను మాన్పించాడు. పొట్ట మీద కొట్టినందుకు కాదు, ఆ దొంగకు మా భాష ఎందుకు పెట్టారో చెప్పమని డబ్బింగ్ కంపెనీకి రాశాను. రాష్ట్రం వచ్చేదాకా రాస్తూనే ఉన్నాను.

ఆ ఆటలో నేను నేర్చుకున్నది ఇది. జనం అలాంటి బొమ్మకు మళ్లీ మళ్లీ వచ్చేది మూసుకున్న తలుపు తెరుచుకోవడం చూడడానికి. మాటలు మొత్తం తీసేసినా ఆ తలుపు తెరుచుకుంటుంది. మాట తప్పుడుదైతే మాత్రం తెరకే ముప్పు వస్తుంది. ఈ సంగతి ఆపరేటర్‌కు తెలిస్తే చాలదు, మాటలు రాసేవాళ్లకు తెలియాలి.

రాష్ట్రం వచ్చాక కంపెనీ నుంచి జవాబు వచ్చింది: "ఆ యాస ఎవరినీ ఉద్దేశించి పెట్టింది కాదు. నవ్వు వస్తుందని పెట్టాము. మీవాళ్లు నవ్వడం మానేశారని మాకెవరూ చెప్పలేదు."