వదిన మిగిల్చిన కంటి మందు

మా వీధిలో అందరూ ఆవిడను కత్తెరమ్మ అంటారు. నాకు వదిన, మావారి అక్క. ముందుగదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషను, దాని వెనుక గోనెసంచి నిండా గుడ్డముక్కలు. అరచేతి వెడల్పు ముక్కనైనా పారేయనివ్వదు. మా పాప గౌన్ల జేబులన్నీ ఆ సంచిలోంచి వచ్చినవే. కాన్పు తర్వాత నేను మళ్లీ ల్యాబ్ ఉద్యోగానికి వెళ్లగలిగానంటే, పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ మిషను తొక్కబట్టే.

ఒకరోజు పాప నిద్ర లేచేసరికి రెప్పలు పుసితో అతుక్కుపోయి ఉన్నాయి. వదిన చెంగు తడిపి మెల్లగా తుడిచింది. అదే చెంగుతో తన ముఖమూ తుడుచుకుంది. అంతే, మర్నాటికి ఆవిడ కన్నూ ఎర్రబడింది.

కంటి డాక్టరుగారు బ్యాక్టీరియా వల్ల వచ్చిందని చెప్పి, ఇద్దరికీ విడివిడిగా ఆయింట్‌మెంటు ట్యూబులు రాశారు. రెండు మూడు యాంటీబయాటిక్‌లు కలిపిన మందు.

"అన్ని మందులు కలపడం ఎందుకే? ఒకటి చాలదా?" అంది వదిన ఆటోలో.

"అన్ని రకాల బ్యాక్టీరియా ఒకే మందుకి లొంగవు వదినా. ఒక మందు వాటిని గోడ కట్టుకోనివ్వదు, ఇంకోటి పైపొరకి చిల్లులు పెడుతుంది."

"చుట్టుముట్టి కొట్టడమన్నమాట. పాపం, వాటికీ పిల్లలుంటారేమో!"

"వాటికి పిల్లలు పుట్టడమే మన బాధ!"

ఇంటికొచ్చాక అసలు యుద్ధం మొదలైంది. పాప కన్ను తెరవదు. మందు బుగ్గకీ, కనుబొమకీ, ఒకసారి నా ముక్కుకీ అంటింది. అయినా మెల్లగా పాప కళ్లు తేటపడ్డాయి. వదిన కంటి ఎరుపూ తగ్గింది. గండం గడిచిందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి మిషను చప్పుడు లేదు. కిటికీకి దుప్పటి కట్టి ఉంది. పాప నేల మీద ఆడుకుంటోంది. వదిన ఒక కన్ను చేత్తో మూసుకుని గోడకి ఆనుకుని ఉంది. రెప్ప వాచిపోయింది, వెలుతురు చూడలేకపోతోంది.

"మందు వేసుకుంటున్నారా?"

ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుంది. నాకు ఒళ్లు మండింది. ఆయింట్‌మెంటు వేసుకుంటే కాసేపు చూపు మసకేస్తుంది, కుట్టు సాగదు.

"కుట్టు పాడవుతుందని మానేశారు కదూ? బట్టలు ముఖ్యమా, కన్ను ముఖ్యమా?"

ఆవిడ లేచి, అల్మరా పై అరలోంచి శుభ్రమైన గుడ్డముక్కలో చుట్టిన ట్యూబు తీసింది. సగానికి పైగా అలాగే ఉంది.

"పాప మందు సగం బుగ్గలకే పోయింది కదే. మళ్లీ దానికి కళ్లు అంటుకుంటే? నాది తగ్గిపోయిందిగా అని మిగిల్చాను."

మందు మధ్యలో ఆపితే మిగిలిన బ్యాక్టీరియా మళ్లీ పెరుగుతుందనీ, ఒకరి కంటికి వాడిన ట్యూబు ఇంకొకరికి వాడకూడదనీ నాకు తెలుసు. అవేవీ అప్పుడు నోటికి రాలేదు. పాపను చంకనేసుకుని ఆవిడను బయల్దేరదీశాను.

డాక్టరుగారు పుండు పడిందేమో చూడ్డానికి ఆవిడ కంట్లో రంగు వేసి, గది చీకటి చేసి, నీలం వెలుగులో చూశారు. నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు దెబ్బతింటుంది. చదువుకున్నదంతా ఆ క్షణంలో నన్ను భయపెట్టడానికే పనికొచ్చింది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సూదిలో దారం ఎక్కించుకోగలనా బాబూ?"

"నల్లగుడ్డు బాగుందమ్మా. మందు మధ్యలో ఆపారు, అదే తప్పు. కొత్త ట్యూబు రాస్తాను. చెప్పినన్ని రోజులూ వాడండి."

"మిగిలితే పాపకి..."

"పాపకి కావాలంటే పాపని తీసుకురండి. మీ మందు మీకే. చికిత్స పూర్తయ్యాక మిగిలింది పారేయండి."

ఆవిడ నిట్టూర్చింది. నేను మాత్రం ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను. శుభ్రమైన చేతిరుమాలుతోనే.

ఆ వారమంతా ఆవిడను మంచం మీద పడుకోబెట్టి నేనే మందు వేశాను. చేతులు సబ్బుతో కడుక్కుని, కింది రెప్ప లాగి, ట్యూబు మొన తగలకుండా సన్నని గీతలా. పాప కంటే ఆవిడే ఎక్కువ మెలికలు తిరిగేది.

"కదలకండి వదినా!"

"నీ చెయ్యంటే దానికి ఎందుకంత భయమో ఇప్పుడు తెలిసింది."

మసక తగ్గేదాకా ఆవిడ అలాగే పడుకుంటే, పాప పాక్కుంటూ వెళ్లి ఆవిడ పక్కన చేరేది. నా బిడ్డ కోసం తన మందు మిగిల్చిన మనిషి. అలా చేయకూడదని ఆవిడకు ఇంకోసారి చెప్పాలి. దానికంటే ముందు, దండం పెట్టాలి.

ఎరుపంతా పోయాక వదిన కిటికీకి కట్టిన దుప్పటి విప్పి, మిషను ముందు కూర్చుని పాపను పిలిచింది.

"రావే, అత్తకి అన్నీ కనిపిస్తున్నాయి. మీ అమ్మ ఏడ్చి కళ్లు ఎర్ర చేసుకుంది చూడు. దానికెవరు వేస్తారో మందు!"