తువ్వాలు మడతలో పరీక్ష ఫలితం

ఒకమ్మాయి నాలుగేళ్ల చదువును నేను మూడు నిమిషాల్లో మట్టిలో కలపబోయాను. అదీ ప్రేమతో! కాస్త కూర్చోండి, చెబుతాను.

తిరువూరులో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కులో తువ్వాళ్లు ఉతకడం, కాపడం సంచులు అందించడం నా పని. చదివింది ఎనిమిదే గానీ, అక్కడికి ట్రైనింగుకొచ్చే ఆఖరేడు పిల్లల్లో ఎవరు పాసవుతారో ముందే చెప్పేసేదాన్ని. తువ్వాలు నీటుగా మడిస్తే పాసు, ఉండ చుడితే ఫెయిలు. రెండుసార్లు నిజమైంది. ఇక నన్ను పట్టగలరా?

ఆ పిల్లల్లో పెనుగొలను నుంచి వచ్చే భారతక్క మడిచిన తువ్వాలు పిల్లి పడుకుని లేచినట్టుండేది. పైగా రోజూ తన క్యారేజీలో సగం నాకే పెట్టేది. అలాంటి మనిషి ఫెయిలవుతుందంటే నాకు ముద్ద దిగుతుందా?

ఆ రోజు కాలేజీ నుంచి పెద్దసారు పరీక్ష పెట్టడానికొచ్చారు. అందులో తప్పితే ఫైనల్‌కు కూర్చోనివ్వరు. పరీక్షలో భారతక్క చూడాల్సింది వినగడప నుంచి మోకాలి నొప్పికొచ్చే మామ్మని. ఆవిడకేమో బస్సు తప్పిపోయింది. సారుకు నేనెవరో తెలియదు కదా! "నాకూ మోకాలు నొప్పేనండీ" అని కుంటుకుంటూ వెళ్లి బల్లెక్కాను.

భారతక్క నన్ను చూసి నోరు తెరిచింది. తర్వాత నా కాలు వంచింది, చాచింది, నొక్కింది. మళ్లీ మొదటి నుంచీ వంచింది. అయిపోయింది, చదివిందంతా మర్చిపోయింది అనుకున్నాను.

"అబ్బ, ఏం చెయ్యక్కా నీది! తగ్గిపోయింది!" అంటూ కిందికి దూకి గదంతా రెండు చుట్లు తిరిగాను.

సారు కళ్లజోడు తీశారు. "వైద్యం ఇంకా మొదలే పెట్టలేదు కదమ్మా?"

వెంటనే మళ్లీ కుంటడం మొదలుపెట్టాను.

"ఏం భారతీ, ఏమంటావు?"

భారతక్క నా కాళ్ల వంక చూసి సారు వైపు తిరిగింది. "ఈమెకే నొప్పీ లేదు సార్. వాపు లేదు, కాలు పూర్తిగా వంగుతోంది. ఇందాక కుడికాలు కుంటింది, ఇప్పుడు ఎడమకాలు కుంటుతోంది. మా క్లినిక్కు పిల్లే సార్. నా మీద ప్రేమ. దాన్నేమీ అనకండి."

సారు పడీపడీ నవ్వారు. "లేని జబ్బు లేదని చెప్పడమే సగం చదువమ్మా. మిగతా సగం మామ్మ వచ్చాక చూపించు."

మామ్మ తర్వాతి బస్సుకొచ్చింది. భారతక్క పాసైంది.

బయటికి రాగానే నా నెత్తిన మొట్టింది. "నేను ఫెయిలవుతానని నీకెవరు చెప్పారే?"

"నీ తువ్వాళ్లక్కా."

నన్ను పట్టుకుని నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఆ రోజు తప్పింది నేనొక్కదాన్నే.

ఇకమీదట ఎవరి పాసూ ఫెయిలూ చెప్పనని మోకాలి మీద చెయ్యేసి ఒట్టు పెడుతున్నాను. ఏ మోకాలని మాత్రం అడక్కండి.