పదేళ్ళు బతికే యాప్

ఆ రోజుల్లో అంటే మా అమ్మ కాలం అనుకునేరు. రెండు వేసవుల కిందటి మాట. ఈ ఫోన్ల చదువులవాళ్ళకు రెండేళ్ళంటే పురాణకాలమట, కాబట్టి నేనూ దర్జాగా ఆ రోజుల్లో అనే అంటాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది కళింగపట్నం. నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముకోవడం నా బతుకు. శ్రీకాకుళం షావుకారు ఏటా వచ్చి సరుకంతా ఎత్తుకుపోయేవాడు, మధ్యలో తన లాభం తాను తినేవాడు. ఆ ఏడు నా కొడుకు కూతురూ, కూతురు కొడుకూ (వరసకు వాడు దానికి బావ, ఇద్దరివీ కంప్యూటర్ చదువులే) నా పక్కన చేరి, "యాప్ సేసేస్తాం, కొనేవోళ్ళు నేరుగా నిన్నే అడుగుతారు" అన్నారు. మధ్యవాడి లాభం మిగులుతుందనగానే నాకు ఎక్కడలేని హుషారొచ్చి, షావుకారును వాకిట్లోంచే పంపేశాను. (మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, పొదుపు తప్ప వేరే తెలివి నాకెక్కడిది?)

గోనెలు నిండాయి గానీ యాప్ రాలేదు. దాన్ని దేనితో తయారుచెయ్యాలన్నదే తేలలేదు మరి! ఒకసారి రాస్తే అన్ని రకాల ఫోన్లలోనూ నడిచే పద్ధతులు కొన్ని ఉన్నాయట. పిల్ల ఫ్లట్టర్ అంటుంది, పిల్లాడు రియాక్ట్ నేటివ్ అంటాడు. ఇది రాసింది వాడు చెరపడం, వాడు రాసింది ఇది చెరపడం. అన్నం దగ్గర కూడా అదే గొడవ.

"నాదైతే ఏ ఫోన్లో సూసినా ఒకేలాగుంటాది, బావా."

"ఉంటాదిలే! పని తెలిసినోళ్ళు నాదానికే ఎక్కువ దొరుకుతారు. నీది పదేళ్ళు బతుకుతాదని ఎవులు రాసిచ్చారే నీకు?"

"నీది బతుకుతాదని నీకెవులు సెప్పారురా?"

ఇలా వాదించుకుంటూండగానే సముద్రం మీద మబ్బు లేచింది. తడి తగిలితే ఎండుచేపకు బూజే. గోనెలు కప్పుదామని టార్పాలిన్ విప్పితే అన్నీ చిల్లులు. వేసవంతా పడిన కష్టం కళ్ళముందే కుళ్ళిపోయేలా ఉంటే, వీళ్ళు అరుగు మీద కూర్చుని ఇంకా పదేళ్ళ తర్వాతి సంగతే మాట్లాడుతున్నారు! నాకు చిర్రెత్తింది.

"ఒరే! ఒసే! ఈ నెత్తళ్ళు పది రోజులుండవు, మీకు పదేళ్ళు కావాలేటి?"

"అది కాదమ్మమ్మా, ఫ్యూచర్ సూసుకోవాల గదా..."

"నీ ఫ్యూచర్ మీద పిడుగు పడ! ముందు ఆ గోనె ఎత్తు!"

మా తీరంలో పెద్దవల ముందెవరు వెయ్యాలన్న తగువొస్తే చీట్లు తీస్తారు. ఓడినవాళ్ళు అలిగి ఇంటికి పోకూడదు, గెలిచినవాళ్ళ తాడు పట్టుకుని లాగి వాటా తీసుకోవాలి. గోనెలన్నీ ఇంట్లోకి చేర్పించి, నేనూ రెండు చీట్లు మడిచి ఎదురింటావిడ చేత తీయించాను. పిల్ల చీటీ వచ్చింది. పిల్లాడి మొహం కందగడ్డయింది.

"సదువుకున్నోళ్ళ తగువు చీట్లేసి తెంచుతావేటమ్మమ్మా?"

"తాడు పట్టరా!" అని అరిచాను.

పట్టాడు. పళ్ళు నూరుకుంటూనే మరదలి పక్కన కూర్చుని రాశాడు. వానలు ముదరకముందే యాప్ తెరుచుకుంది, విజయనగరం నుంచి కూడా అడిగారు, గోనెలు ఖాళీ అయ్యాయి. నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. ఏదీ? "వచ్చే ఏడు నాదానితో మళ్ళీ రాస్తాను" అని వాడు, "రాయి సూద్దాం" అని ఇది!

ఆ కోపంతోనే ఇద్దర్నీ వెంటబెట్టుకుని కొత్త టార్పాలిన్ కొనడానికి శ్రీకాకుళం వెళ్ళాను. లాగి చూశాను, వెలుతురుకు పట్టి చూశాను. "బాబూ, పదేళ్ళు వస్తాదా? రాసిస్తావా?" అని కొట్టువాణ్ణి నిలదీశాను. వెనక పిల్లలిద్దరూ కిసుక్కుమన్నారు. వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఉండడం నేను చూసింది అప్పుడే.

కొట్టువాడు నా నెరిసిన తల చూసి, "నీ కాలానికి సరిపోతాది మామ్మా" అన్నాడు.

కోపం నెత్తికెక్కింది. అయినా నోరు ఊరుకుంటుందా? "అలాగైతే మరి కాస్త తగ్గించియ్యి" అన్నాను.

మారు మాట లేకుండా తగ్గించాడు. ఆ బేరం తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది గానీ, వాడు కాసేపైనా గింజుకుని ఉంటే బాగుండేది.