గద్దలగుట్ట వెంకట్రాజం కడుపుమంట

వెంకట్రాజానికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా కడుపుమంట. పక్క ఊరిని ఎవరన్నా మెచ్చుకున్నారా, అది భగ్గుమంటుంది.

ఆయన ఊరు గద్దలగుట్ట. గుట్ట వాలు మీది నాలుగు పల్లెలను కలిపి ఈమధ్యే మున్సిపాలిటీ చేశారు. ఎగువ వార్డులో బిందె జారితే దిగువ వార్డులో దొరుకుతుంది. దీన్ని మించిన ఊరు భూమ్మీద ఉందంటే ఆయన ఒప్పుకోడు. ఓరుగల్లు కోట సంగతెత్తితే, "ఆ రాళ్ళు ఎక్కడియి? మా గుట్టయే! కోట లేసింది, మా గుట్ట బోడైంది" అంటాడు. ధర్మసాగర్ చెరువు నీళ్ళు తియ్యగుంటాయంటే, "మా గుట్ట మీద పడ్డ వానే గదా, జారి అక్కడ పడ్డది" అంటాడు.

అలాంటి ఇంటికి పక్క ఊరు హసన్‌పర్తి పిల్ల కావ్య కోడలై వచ్చింది. వచ్చిన వారానికే నోరు జారింది.

"మా చెరువు కట్ట మీద సాయంత్రం ఎంత చల్లగుంటదో మామయ్యా!"

"మా గుట్ట వాడుకోంగ మిగిలిన గాలి బిడ్డా అది."

కావ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ముందు చెరువు పేరెత్తడం మానేసింది గానీ, పొద్దుగూకేసరికి పెరటి మెట్ల మీద కూర్చుని పుట్టింటి దిక్కు చూస్తూ కళ్ళు తుడుచుకునేది. చూద్దామంటే అడ్డంగా ఆ గుట్టే. సరిగ్గా అప్పుడే వెంకట్రాజం గొడ్డలి భుజానేసుకుని గుట్టెక్కేవాడు.

"రోజూ ఏడికి పోతాండు?" అని భర్త హరీష్‌ను అడిగింది.

"మీ ఊరిని మీదికెల్లి తిట్టేటందుకు."

ఆ మాటతో ఆమె ఓపిక తీరిపోయింది. హసన్‌పర్తిలో కిరాయికి ఉందామని పట్టుబట్టి ఇల్లు కూడా చూసింది. హరీష్ తండ్రికి చెప్పాడు. ఇల్లెగిరిపోతుందనుకుంటే, వెంకట్రాజం కండువా దులిపి లేచి కావ్య దిక్కు తిరిగాడు.

"పోదురు తియ్. జర నా ఎంబడి గుట్టెక్కు బిడ్డా."

పైన ముళ్ళతుప్పలన్నీ నరికి ఉన్నాయి. కూర్చోవడానికి రెండు రాళ్ళ మీద ఒక బండ. దాని ఎదురుగా, దూరంగా, దిగే పొద్దుకు మెరుస్తూ హసన్‌పర్తి చెరువు.

"నువ్వు దానికోసం ఏడుస్తాంటే నాకు కడుపు మండింది. మా ఊరికోసం ఎన్నడన్న అట్ల ఏడ్చినవా? చెరువును ఈడికి తేలేను. తుప్పలన్న కొడ్దామని..." ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. అరచేతుల నిండా బొబ్బలు.

కావ్యకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. బండ మీద చతికిలబడింది.

"ఇక్కడికెల్లి చూసినా మా చెరువే మంచిగున్నది మామయ్యా."

"ఉండదా మరి? మా గుట్ట వాన!"

ఇంటికి రాగానే హరీష్ మెల్లగా అడిగాడు: "కిరాయి ఇంటోళ్ళకు ఏం చెప్పాలె?"

"వద్దని చెప్పు. చెరువు పక్కనుంటే చెరువేం కనపడ్తది? చూడాలంటే మా గుట్టెక్కాలె!"

మా గుట్ట! గడపలో నిలబడి విన్న వెంకట్రాజానికి కడుపు చల్లబడింది.