అవతలి గుమ్మం

ఆ ఉదయం లూషస్ చివరగా చేసిన పని, ఉన్న ఒక్క టైని ఇస్త్రీ చేసుకోవడం. ఆ మిస్సోరీ నగరంలో కింబ్రో రోడ్డుకు ఇవతల నల్లవాళ్ల ఇళ్లు, అవతల తెల్లవాళ్లవి. ఆ రోడ్డు మీదే, బస్టాపులో, లాండ్రీలో పనిచేసే ఇవతలి పిల్ల వెర్నీస్‌ను ఎవరో కారులోంచి కాల్చి చంపారు. అదే రోజు అవతల ఒక కుక్క తప్పిపోయింది. నగర పత్రిక కుక్కకు ఫొటో వేసి, పిల్లకు రెండు వాక్యాలు విదిల్చింది. పోలీసులు ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు. దాంతో, బస్సు డ్రైవరుగా రిటైరైన లూషస్ విలేకరి అయ్యాడు. తలుపు తట్టి, టోపీ చంకలో పెట్టుకుని, ఎదుటివాళ్లు నోరు విప్పేదాకా నిలబడేవాడు. విన్నది చర్చి కరపత్రం వెనక అచ్చు వేయించేవాడు. ఇవతలి తలుపులన్నీ అయిపోయాయి. ఎవరూ కారును చూడలేదు. బస్టాపుకు ఎదురిల్లు అవతలిది; ఆ ఉదయం అతను బయల్దేరబోయింది అక్కడికే.

"టై దేనికయ్యా, మేయరు భోజనానికి పిలిచాడా?" అంది భార్య ఎర్నెస్టీన్.

"టై లేకుండా ఆ గుమ్మంలో నిలబడితే, నా చావు గురించి రాయడానికి ఇంకో విలేకరి కావాలే."

"టై ఉంటే కేకు పెడతారు కాబోలు."

అతను నవ్వుతూ కుర్చీలో కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయింది. పత్రిక అతనికి ఒక్క వాక్యం కూడా ఖర్చు పెట్టలేదు.

అంత్యక్రియలయ్యాక ఎర్నెస్టీనే రోడ్డు దాటి ఆ తలుపు తట్టింది. తెల్ల ముసలమ్మ వెంటనే తీసింది.

"టోపీ ఆయన రాలేదేం? కారు నంబరు నాకింకా గుర్తుంది. ఆయన అటువైపు ఇల్లిల్లూ తిరుగుతుంటే, మా తలుపెప్పుడు తడతాడా అని రోజూ ఈ కిటికీలోనే కూర్చున్నాను."