బ్రేకు కాలు

డ్రైవింగు స్కూలు మాస్టారికి ఊరు పెట్టిన పేరు బ్రేకు మాస్టారు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర బిగించుకున్న రెండో బ్రేకును తొక్కుతూ బతుకు వెళ్లదీసిన మనిషి. ఊళ్లో గోడలూ, స్తంభాలూ, పెంపుడు కుక్కలూ ఇంకా క్షేమంగా ఉన్నాయంటే అది తన కుడికాలి చలవేనని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచబోయింది.

కుడి తొడ లోతున గడ్డ ఒకటి మొదలైంది. నొప్పి లేదు, కానీ పెరుగుతోంది. మాస్టారు తడిమి చూసుకుని, కండ అని తేల్చేశారు. రాళ్లు కొట్టేవాడి దండకు కండ వచ్చినప్పుడు బ్రేకు తొక్కేవాడి తొడకు మాత్రం ఎందుకు రాదు?

"ఒక్క కాలికే వచ్చిందేమండీ ఆ కండ?" అంది భార్య.

"బ్రేకు రెండు కాళ్లతో తొక్కుతారటే?"

ప్యాంటు ఒక పక్కే బిగుతైతే, మురిసిపోయి ఆ పక్క వదులు చేయించుకున్నారు. ఇక లాభం లేదని భార్య తన తమ్ముణ్ణి పిలిచింది. వీధి చివర చిన్న ఆసుపత్రి నడిపే డాక్టరతను; కత్తి ఖాళీగా ఉంటే నిద్రపట్టని రకం.

"కొవ్వు గడ్డ బావా. ఆదివారం రా, టీ చల్లారేలోగా తీసి పారేస్తా."

"నాకు కొవ్వుందని మీ అక్క చెప్పిందా?" అన్నారు మాస్టారు. నొచ్చుకున్నా, ఒప్పుకున్నారు.

ముందురోజు పాఠానికి స్కానింగు డాక్టరమ్మ వచ్చింది. పెద్దాసుపత్రిలో మనుషుల లోపలి బొమ్మలు చూసి జబ్బు చెప్పడంలో దిట్ట. కారుకున్న అద్దం చూడమంటే మాత్రం ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు.

"తొడ అలా రుద్దుకుంటారేంటి మాస్టారూ?"

"కండ. రేపు తీసేస్తున్నారు."

"కండైతే తీయడమెందుకు?"

ఆవిడ సిగ్నలైనా ఇవ్వకుండా కారు పక్కకు ఆపేసింది.

"ఎంతుంది?"

"నిమ్మకాయంత ఉండేది. ఇప్పుడు బత్తాయంత. ముందు సిగ్నలు సంగతి..."

"లోతుగా ఉండి పెరిగే గడ్డ. స్కాన్ తీసి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేయకుండా ఎవర్నీ కత్తి పెట్టనీయకండి. చెడ్డదైతే, తొందరపడి కోస్తే చుట్టూ చెదురుతుంది. అప్పుడు కాలు దక్కించుకోవడం కష్టం."

రివర్సు గేరు రాని మనిషి తనకు చెప్పొచ్చిందని మాస్టారు ఉడుక్కున్నారు. కానీ కాలన్న మాట లోపలెక్కడో దిగబడింది. ఆదివారం టీకి వెళ్లలేదు.

పరీక్షల్లో తేలింది: సార్కోమా. కండల్లాంటి మెత్తటి భాగాల్లో అరుదుగా పుట్టే క్యాన్సరు. ఊపిరితిత్తులకు పాకలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

"ప్రాణం సంగతి సరే, బ్రేకు తొక్కగలనా?" అనడిగారు మాస్టారు.

ఆ ఒక్క తొడ కోసం రకరకాల డాక్టర్లు ఒక బల్ల చుట్టూ చేరి, పెళ్లి సంబంధానికి కూడా జరగనంత చర్చ జరిపారు. ముందు కొన్ని వారాలు రేడియేషను. ఆ తర్వాత గడ్డ చిట్లకుండా, చుట్టూ ఒక పొర మంచి కండతో సహా తీసేయడం.

"కాలుంటుంది. బలం ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేం," అన్నాడు సర్జన్.

అన్నట్టే చేశారు. బావమరిది చూడ్డానికి వచ్చి, "నేనే గనక కోసుంటే బావా..." అని మిగతాది మింగేశాడు. మాస్టారు పెద్దమనసుతో టీ ఫ్లాస్కు అతని వైపు జరిపారు.

ఇంటికొచ్చాక మంచం మీద వ్యాయామం. భార్య దిండు అడ్డం పట్టుకునేది, ఆయన పాదంతో బ్రేకులా నొక్కేవారు.

"చాల్లెండి, మంచం ఎప్పుడో ఆగింది."

సర్జన్ సరేనన్న రోజున ఖాళీ మైదానానికి వెళ్లారు. స్టీరింగు దగ్గర డాక్టరమ్మ, పక్కన మాస్టారు, వెనక పిలవకుండానే భార్య. కారు ప్రహరీ గోడ వైపు నడిచి, ఆగింది.

"చూశావా?" అని మాస్టారు వెనక్కి తిరిగారు.

"నేనూ తొక్కాను మాస్టారూ," అంది డాక్టరమ్మ. "ఇది లెక్కలోకి రాదు."

వెనక్కి తీసి, మళ్లీ పోనిచ్చి, ఈసారి రెండు పాదాలూ పెడళ్ల మీంచి వెనక్కి లాక్కుంది. గోడ దగ్గరపడుతోంది. మాస్టారు తొక్కారు. తొడ వణికింది. పళ్లు బిగించి ఇంకా తొక్కారు. కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

భార్య దిగి ముందుకెళ్లి చూసింది.

"జానెడుంది."

"నిన్నెవరు కొలవమన్నారు?"

"మునుపు మూరెడు మిగిల్చేవారు."

"మునుపు తొడ మొత్తం ఉండేది. అక్కడే నిలబడు, ఈసారి మూరెడు చూపిస్తా."

భార్య ఒక్క క్షణం ఆలోచించి, కారు దారిలోంచి పక్కకు జరిగి నిలబడింది. మొగుడి మీద నమ్మకం వేరు, కారుకు అడ్డం నిలబడటం వేరు.